అరవై ఏళ్ళు ఒక బ్యాండు ఎట్లా నిలబడింది? మా మేళం విడిపోయేట్టుంది

నల్గొండ మేళం

అందరికీ నమస్తే. మాది నల్గొండ. పెళ్ళిళ్ళు, బారాత్‌లు, బోనాలు, చెర్వుగట్టు జాతర, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయి వాయించే బ్యాండు మేళం మాది. మా నాన్న క్లారినెట్ వాయించేవాడు. ఆయనకు దమ్ము సరిపోక ఇంటిపట్టున కూర్చున్నప్పటి నుంచి పార్టీని నేనే నడిపిస్తున్నా. నాది ట్రంపెట్. క్లారినెట్లు, శాక్సఫోన్, సైడ్ డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము పాత సెట్టు. డీజేల పోటీ వచ్చాక కీబోర్డు, ప్యాడ్ కూడా పెట్టాం. స్పీకర్లు ట్రాలీ ఆటో మీద వస్తాయి.

ఇప్పుడు పార్టీ విడిపోయేట్టుంది. కీబోర్డు అబ్బాయి, వాయిద్యం నాది, వైర్ల దగ్గర నుంచి అన్నీ నేనే కొన్నా, నాకు రెండు పాళ్ళు రావాలి అంటాడు. సైడ్ డ్రమ్ము మా మేనబావ. బారాత్‌లో గంటల తరబడి ఆగకుండా కొట్టేది నేనైతే ట్రంపెట్‌కు ఎక్కువ ఎందుకు అంటాడు. నాన్నతో పాటు వాయించిన పెద్దాయన ఒకరు ఇంకా మాతోనే ఉన్నారు, క్లారినెట్. ఎదురుకోళ్ళకు ఏం వాయించాలి, అప్పగింతలకు ఏం వాయించాలి ఈ పిల్లలకు పట్టదని ఆయన బాధ. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. నాకు టెన్షన్ అక్కడే. పెళ్ళి ఇంటి ముందు కలిసి వాయిస్తారు, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకరితో ఒకరు మాట్లాడరు.

ఈ మధ్య హైదరాబాద్‌లో చదువుకునే మా మేనల్లుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. రోలింగ్ స్టోన్స్ అని ఇంగ్లండ్ బ్యాండు. 2024లో అమెరికా అంతా తిరిగి వాయించారట. ముందు నిలబడి పాడే ఆయనకు అప్పుడు 80 ఏళ్ళు. ఆ చివర నుంచి ఈ చివరకు ఉరుకుతున్నాడు. పాట మాటలు నాకు అర్థం కాలేదు కానీ గిటార్ ఆయన దగ్గర నా చూపు ఆగిపోయింది. ఒకసారి తీగలు మీటుతాడు, చెయ్యి తీస్తాడు, డ్రమ్ము దెబ్బ పడనిస్తాడు, మళ్ళీ మీటుతాడు. ఆ సందు అంత ధైర్యంగా ఖాళీగా వదిలేవాళ్ళు మా దగ్గర లేరు.

1962లో మొదలైన బ్యాండట. అన్నేళ్ళు ఎట్లా కలిసున్నారు? వాళ్ళు కొట్లాడుకోలేదా? డబ్బులు ఎట్లా పంచుకున్నారు? మనిషి పోతే ఏం చేశారు? పెద్ద స్టార్ల సంగతి మాకెందుకు అనకండి. మేళం ఎక్కడైనా మేళమే కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలమూరు రికార్డులు

తమ్మీ, నీ ప్రశ్న మంచిది, వివరంగా రాస్తాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యి మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. స్టోన్స్ 2003 ఏప్రిల్‌లో మొదటిసారి మన దేశంలో వాయించారు. ముందు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో, తర్వాత ముంబై బ్రబోర్న్ స్టేడియంలో. నాకు అప్పుడు బెంగళూరులో పోస్టింగ్. టికెట్ కొనుక్కుని పోయి చూశాను. వాళ్ళ పాటగాడు మిక్ జాగర్‌కు అప్పుడు 59. ఇదే ఆఖరేమో, మళ్ళీ చూడలేమేమో అని నా చుట్టూ ఉన్నవాళ్ళు అనుకుంటున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాటినా వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.

కొట్లాడుకోలేదా అని అడిగావు. కొట్లాడుకున్నారు, అదీ మామూలుగా కాదు. జాగర్, గిటార్ వాయించే కీత్ రిచర్డ్స్ ఇద్దరూ లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్ అనే ఊరివాళ్ళు. చిన్నప్పుడు ఒకే బడి. తర్వాత ఎవరి దారి వాళ్ళది. 1961లో ఆ ఊరి రైల్వే స్టేషన్‌లో మళ్ళీ కలిశారు. జాగర్ చంకలో అమెరికా నల్లజాతి గాయకులు చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. ఆ రికార్డులు చూసి కీత్ మాట కలిపాడు. వాళ్ళిద్దరికీ అసలు చుట్టరికం ఆ రికార్డులే. ఇది గుర్తుపెట్టుకో, దీని గురించి కింద మళ్ళీ చెప్తాను.

బ్యాండు మొదలుపెట్టింది మాత్రం వీళ్ళిద్దరూ కాదు, బ్రయన్ జోన్స్. మడ్డీ వాటర్స్ పాట పేరు మీద బ్యాండుకు పేరు పెట్టింది కూడా ఆయనే. 1962 జులై 12న లండన్ మార్కీ క్లబ్‌లో మొదటి కచేరీ. కొన్నాళ్ళకు పాటలు కట్టే పని జాగర్, కీత్‌ల చేతికి వచ్చింది, బ్రయన్ పక్కకు జరిగిపోయాడు. మత్తుమందుల అలవాటు కూడా తోడై 1969 జూన్‌లో ఆయన్ని పంపించేశారు. నెల తిరగకముందే ఇంటి ఈతకొలనులో చనిపోయి కనిపించాడు. 27 ఏళ్ళు. రెండు రోజులకే హైడ్ పార్కులో ముందే ఒప్పుకున్న ఉచిత కచేరీ ఉంది. దాన్ని రద్దు చేయలేదు. మిక్ టేలర్ అనే కొత్త గిటారిస్టుతో వాయించారు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి అది. కానీ నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబులో అది కూడా ఉంది. స్థాపించినవాడు పోయినా ఒప్పుకున్న బుకింగ్ ఆగలేదు.

ఇంకొకాయన ఇయన్ స్టూవర్ట్, పియానో. అందరికంటే ముందు చేరినవాళ్ళలో ఒకడు. 1963లో మేనేజర్ వచ్చి, ఆరుగురు ఎక్కువయ్యారు, నీ వాలకం మిగతావాళ్ళతో కలవదు అని ఫోటోలోంచి ఆయన్ని తీసేశాడు. స్టూవర్ట్ అలిగి వెళ్ళిపోలేదు. వ్యాన్ నడిపాడు, సామాను మోశాడు, రికార్డింగుల్లో పియానో వాయించాడు. 1985లో చనిపోయేదాకా వాళ్ళతోనే ఉన్నాడు. 1989లో అమెరికాలో రాక్ సంగీతం వాళ్ళ గౌరవ సభలో బ్యాండుకు స్థానం ఇచ్చినప్పుడు స్టూవర్ట్ పేరు కూడా చేర్చాలని వీళ్ళు పట్టుబట్టారు. అంత ఆలస్యంగా ఇచ్చారు, అయినా ఇచ్చారు.

ఇక డబ్బు. నేను బ్యాంకు మనిషిని, ఈ భాగం నాకు చాలా ఇష్టం. మొదట్లో అందరూ కలిసి కట్టిన పాటలకు నాంకర్ ఫెల్జ్ అని ఒక కల్పిత పేరు వేసేవాళ్ళు. ఆ పేరుకు వచ్చిన డబ్బు అందరిదీ. తర్వాత్తర్వాత పాటల మీద జాగర్, రిచర్డ్స్ పేర్లే పడ్డాయి, ఆ ఆదాయం ఇద్దరిదే అయింది. 1974 చివర్లో మిక్ టేలర్ వెళ్ళిపోయాడు. పాటల్లో తన పాలుకు తగ్గ పేరు రాలేదన్న బాధ ఆయనకు ఉంది. ఆయన చోట్లో వచ్చిన రాన్నీ వుడ్ అనే గిటారిస్టు చాలా ఏళ్ళు జీతం మీదే వాయించాడు, భాగస్వామి అయింది ఎంతో తర్వాత. 1993 నుంచి బేస్ గిటార్ వాయిస్తున్న డారిల్ జోన్స్‌ను ఈ రోజుకూ సభ్యుల ఫోటోలో నిలబెట్టరు. వాళ్ళందరూ సమానంగా పంచుకున్నారని ఎవరైనా చెప్తే నమ్మకు. కానీ ఎవరు వాటాదారు, ఎవరు జీతగాడు అన్నది ఆ మనిషికి తెలుసు. కచేరీ అయ్యాక ఆటోలో తేలే లెక్క కాదది.

ఇంకొక సంగతి. 1960ల్లో వాళ్ళ వ్యవహారాలు చూసిన అలెన్ క్లైన్ అనే అమెరికన్ చేతికి ఆ కాలం పాటల హక్కులు పోయాయి. ఇంగ్లండ్‌లో పన్ను బాకీలు నెత్తిన పడి 1971లో దేశం విడిచి ఫ్రాన్స్ వెళ్ళారు. రూపర్ట్ లోవెన్‌స్టైన్ అనే బ్యాంకరు వాళ్ళ లెక్కలు చక్కబెట్టాడు. 2007 వరకు ఆయనే చూశాడు. పాత పాటల హక్కులు చేతిలో లేని బ్యాండుకు వేదిక మీద సంపాదించడం తప్ప దారి లేదు. వాళ్ళు అంతగా తిరగడానికి ఇది కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

అందరికంటే పెద్ద గొడవ 1980ల్లో వచ్చింది. జాగర్ 1985లో సొంతంగా ఆల్బం వేశాడు. కీత్‌కు అది వెన్నుపోటులా అనిపించింది. 1986లో బ్యాండు ఆల్బం వచ్చింది కానీ దానికి టూర్ లేదు. 1988లో జాగర్ వేరే వాద్యగాళ్ళతో జపాన్, ఆస్ట్రేలియా తిరిగాడు. కీత్ కూడా అదే ఏడాది సొంత ఆల్బం వేశాడు. పేపర్లలో ఒకరినొకరు తిట్టుకున్నారు. 1989 జనవరిలో బార్బడోస్ దీవిలో ఇద్దరే కూర్చుని పాటలు కట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే కొత్త ఆల్బం, పెద్ద టూర్. నా లెక్క ప్రకారం వాళ్ళను కలిపింది స్నేహం కాదు. విడిగా వాయించి చూశాక, తనకు లేనిది ఎదుటివాడి దగ్గర ఏముందో ఇద్దరికీ చెవులారా తెలిసింది. నీ కీబోర్డు అబ్బాయిని ఒక సీజన్ బయట వాయించుకోనీ. దానికి భయపడకు.

మిర్యాలగూడ సౌండ్స్

సౌండ్ సిస్టం వాళ్ళం, అందుకే ఒక్క మాట. వాయిద్యానికి కిరాయి వేరు, మనిషికి పాలు వేరు. కీబోర్డుకు, స్పీకర్లకు బుకింగుకు ఇంత అని కిరాయి ముందే కట్టేయండి. అది పోగా మిగిలిన దాంట్లో వాయించినవాళ్ళందరికీ పాలు. బయానా ముట్టిన రోజే నోటుబుక్కులో రాసి అందరికీ చూపించండి. మా దగ్గర సగం గొడవలు దీంతోనే పోయాయి.

కోదాడ డ్రమ్స్

అన్నా, నేను కూడా సైడ్ డ్రమ్మే. పాలమూరు సార్ అన్నీ చెప్పారు కానీ వాళ్ళ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పేరే ఎత్తలేదు. నాకైతే స్టోన్స్ అంటే ఆయనే.

నువ్వు చూసిన ఆ సందు సంగతి చెప్తా. కీత్ చాలా పాటలకు గిటార్‌కు ఆరో తీగ తీసేసి ఐదు తీగలే ఉంచి వేరే శ్రుతి పెడతాడు. తీగలన్నీ వదిలి మీటితేనే ఒక కార్డు, అంటే కలిసి పలికే స్వరాల గుత్తి, పలుకుతుంది. అందుకే వేళ్ళతో ఎక్కువ పని లేకుండా మీటి ఆపేయగలడు. ఇక చార్లీ. అందరు డ్రమ్మర్లూ కుడిచేత్తో హైహ్యాట్ తాళాలు ఆగకుండా కొడుతుంటారు. చార్లీ ఎడమచేత్తో స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ వేసేటప్పుడు కుడిచెయ్యి పైకి లేపేస్తాడు. ఆ క్షణంలో తాళం చప్పుడు ఉండదు, స్నేర్ దెబ్బ ఒక్కటే ఉంటుంది. అందుకే అది అంత శుభ్రంగా చెవిన పడుతుంది. నేను తీన్మార్ కొట్టేటప్పుడు ఇట్లా ఒక దెబ్బ వదిలి చూశాను. ఎగిరేవాళ్ళు మొదట తడబడ్డారు, తర్వాత వాళ్ళే ఆ ఖాళీలో ఈల వేయడం మొదలుపెట్టారు.

ఇంకోటి. మామూలుగా బ్యాండు డ్రమ్మును పట్టుకుని నడుస్తుంది. స్టోన్స్‌లో చార్లీ కీత్ గిటార్‌ను వింటూ కొట్టేవాడు. అందుకే వాళ్ళ నడక కొంచెం వెనక్కి వాలినట్టు, ఎప్పుడు తూలుతుందో అన్నట్టు ఉంటుంది, కానీ తూలదు. మీ మేనబావ ట్రంపెట్ వింటూ కొడుతున్నాడా, తన లెక్కలో తను కొడుతున్నాడా? ఒకసారి గమనించు. వింటూ కొట్టేవాడైతే అతన్ని వదులుకోకు.

చార్లీ 1963 జనవరిలో చేరాడు. అంతకుముందు యాడ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం. అసలు ఇష్టం జాజ్. ఊళ్ళు తిరగడమంటే ఇష్టం లేదు. పడుకున్న ప్రతి హోటల్ మంచం బొమ్మ పుస్తకంలో గీసుకునేవాడు. పెద్ద స్టేడియంలో కూడా చిన్న పాత గ్రెట్ష్ సెట్టు మీదే వాయించాడు. కీత్ రాసుకున్న సంగతి ఒకటుంది. 1984లో ఆమ్‌స్టర్‌డాం హోటల్‌లో తెల్లవారుజామున జాగర్ తాగి ఫోన్ చేసి, నా డ్రమ్మర్ ఎక్కడ అని అడిగాడట. చార్లీ లేచి గడ్డం గీసుకుని, సూటు వేసుకుని, టై కట్టుకుని కిందికి వచ్చి జాగర్‌ను ఒక్క గుద్దు గుద్దాడట. ఇంకెప్పుడూ అట్లా అనొద్దు, నువ్వే నా పాటగాడివి అన్నాడట. తర్వాత కూడా ఇద్దరూ కలిసి ముప్ఫై ఏళ్ళకు పైనే వాయించారు.

2004లో ఆయనకు గొంతు క్యాన్సర్ వచ్చింది. నయమై మరుసటి ఏడాదే టూర్‌కు వచ్చాడు. 2021లో ఆరోగ్యం మళ్ళీ దెబ్బతిన్నప్పుడు, నా చోట్లో స్టీవ్ జోర్డాన్ వాయిస్తాడని తనే ఒప్పుకున్నాడు. జోర్డాన్ 1980ల నుంచి కీత్ సొంత బ్యాండులో వాయిస్తున్నవాడు. ఆగస్టు 24న చార్లీ పోయాడు, 80 ఏళ్ళు. వచ్చే నెలలోనే టూర్ మొదలైంది, ముందు తెర మీద చార్లీ బొమ్మలు వేశారు. నేను ఆ వీడియో చూడలేక మధ్యలో ఆపేశాను.

వనపర్తి టీచరమ్మ

మా నాన్న భజన మండలిలో హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక ఆ మండలి ఆగిపోయింది. అందుకని అందరూ చెప్తున్నదానికి కొంచెం అడ్డం వస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

ఎక్కువ కాలం ఉండటమే గొప్ప అనుకోకండి. లెడ్ జెపెలిన్ కూడా అదే దేశం బ్యాండు, స్టోన్స్ కంటే తక్కువదేం కాదు. 1980లో వాళ్ళ డ్రమ్మర్ జాన్ బోనమ్ చనిపోతే, ఆ మనిషి లేకుండా ఇక ఇది మాది కాదని అదే డిసెంబరులో ప్రకటించి ఆపేశారు. అది కూడా మర్యాదైన పనే. అమెరికాలో జీజీ టాప్ అని ఇంకొక బ్యాండు ఉంది. ముగ్గురే. 1970 నుంచి 2021 దాకా ఆ ముగ్గురే. బేస్ వాయించే డస్టీ హిల్ పోయేముందు, వాళ్ళ గిటార్లు చూసుకునే పనివాడు ఎల్వుడ్ ఫ్రాన్సిస్‌ను నా చోట్లో నిలబెట్టండని చెప్పి పోయాడు. బయటివాళ్ళను వెతకలేదు. పక్కనే ఉండి అన్ని పాటలూ విన్నవాడికే ఇచ్చారు.

మీ క్లారినెట్ పెద్దాయన మాట నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. పాలమూరు సార్ ఆ రికార్డుల గురించి మళ్ళీ చెప్తానని మరిచిపోయారు, నేను చెప్తాను. స్టోన్స్ 2015 డిసెంబరులో కొత్త పాటల కోసం స్టూడియోకు వెళ్ళారు. పని సాగలేదు. చెయ్యి కుదరడానికి లిటిల్ వాల్టర్ పాత బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ పాటల తీరు) పాట ఒకటి వాయించారు. అది బాగా వచ్చింది. ఇంకొకటి, ఇంకొకటి అనుకుంటూ మూడు రోజుల్లో ఆల్బమే అయిపోయింది. ఒక్క సొంత పాట లేదు, అన్నీ కుర్రతనంలో రికార్డులు పెట్టుకుని నేర్చుకున్న నల్లజాతి పెద్దల పాటలే. 1981లో మడ్డీ వాటర్స్ వాయించే షికాగో క్లబ్బుకే పోయి ఆయన పక్కన నిలబడి పాడారు. అప్పటికి వీళ్ళు ఆయనకంటే ఎన్నో రెట్లు సంపాదించినవాళ్ళు. అయినా అక్కడ ఆయనే పెద్ద.

మన జిల్లాల్లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ వాయిద్యం పేరు కూడా చాలామందికి తెలియదు. మీ పెద్దాయనకు తెలిసిన ఎదురుకోళ్ళ పాటలు, అప్పగింతల పాటలు ఫోన్‌లో అయినా రికార్డు చేసి పెట్టండి. వారానికి ఒక పూట ఆ పిల్లలను ఆయన దగ్గర కూర్చోబెట్టండి. డీజేకు రానిది మీ మేళం దగ్గర ఉన్నది అదొక్కటే.

నల్గొండ మేళం

అందరికీ దండం. సాయంత్రం పార్టీ మొత్తాన్ని ఇంటికి పిలిచి మీరు రాసింది చదివి వినిపించాను. కిరాయి వేరు, పాలు వేరు అన్నదానికి కీబోర్డు అబ్బాయి ఒప్పుకున్నాడు. పెద్దాయన టీచరమ్మ మాటలు రెండుసార్లు చదివించుకున్నారు. ఆదివారం పొద్దున నుంచి మా ఇంట్లోనే పాఠం.

మేనబావ మాత్రం పోతానంటున్నాడు. కోపంతో కాదు. సూర్యాపేటలో డీజే వాళ్ళ దగ్గర నెల జీతం దొరికింది, ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి. నేను ఆపలేను. కోదాడ తమ్ముడూ, అతను ట్రంపెట్ వింటూనే కొడతాడు, నాకు తెలుసు. పాలమూరు సార్, పెద్ద బుకింగ్ వచ్చినప్పుడు అతన్ని ఒక్క పూటకు పిలవొచ్చా? కొత్తగా వచ్చే డ్రమ్మరు చిన్నబుచ్చుకుంటాడేమో. వాళ్ళు అట్లా వెళ్ళినవాళ్ళను ఎప్పుడైనా పిలిచారా?

పాలమూరు రికార్డులు

పిలిచారు తమ్మీ. టీచరమ్మ గారికి ముందు కృతజ్ఞతలు, నేను వదిలేసింది వారు నాకంటే బాగా చెప్పారు.

2012లో యాభై ఏళ్ళ పండుగకు లండన్ కచేరీల్లో మిక్ టేలర్‌ను, బేస్ వాయించి 1993లో మానేసిన బిల్ వైమన్‌ను పిలిచారు. టేలర్‌కు ఆ పిలుపు బాగా కుదిరింది. మరుసటి ఏడాది టూర్‌లో కూడా అతిథిగా వాయించాడు. 1969లో తను మొదటిసారి వాయించిన హైడ్ పార్కులో మళ్ళీ నిలబడ్డాడు. వైమన్‌కు కుదరలేదు. ఎక్కువ పాటలు ఇస్తారనుకుని వచ్చాడు, రెండే ఇచ్చారు. బాధపడ్డాడు, తర్వాత అమెరికా కచేరీలకు రానన్నాడు. అయినా తలుపు మూసుకోలేదు. 2023లో వచ్చిన ఆల్బంలో ఒక పాటకు ఆయన బేస్ వాయించాడు. చార్లీ బతికుండగా కొట్టిపెట్టిన డ్రమ్ములు అదే పాటలో ఉన్నాయి.

కాబట్టి మీ మేనబావను పిలువు. కానీ ఏ పాటలకు కొట్టాలి, ఎంత ఇస్తావు అన్నది ఫోన్‌లోనే చెప్పు, పెళ్ళి పందిట్లో కాదు. ముందు కొత్త డ్రమ్మర్‌తో మాట్లాడు, ఆ తర్వాతే ఇతనికి ఫోన్ చెయ్యి. బారాత్ కొత్తవాడికి వదిలేయ్. ఎదురుకోళ్ళు, అప్పగింతలు పెద్దాయన క్లారినెట్‌తో పాటు మేనబావకు ఇవ్వు. శ్రావణం బుకింగులు మొదలయ్యేలోపు ఇదంతా తేల్చుకో.